సందు మారితే తెలుగు ఏమవుతుంది?



ఈ అండమాన్ దీవుల్లో ఇద్దరు తెలుగువాళ్లు కొత్తగా కలిస్తే రెండు ప్రశ్నలు తప్పవు. మొదటిది, "మీది ఏ ఊరండీ?" సోంపేట అనో, బారువ అనో, భీమిలి అనో, ఉప్పాడ అనో జవాబు వస్తుంది. ఆ చెప్పేవాళ్లు ఆ ఊళ్లో పుట్టి ఉండకపోవచ్చు, ఒకటి రెండుసార్లు పెళ్లిళ్లకు వెళ్లివచ్చి ఉండవచ్చు. అయినా అది వాళ్ల ఊరే. రెండో ప్రశ్న, "ఇక్కడ ఎక్కడ ఉంటున్నారు?" మొదటి ప్రశ్నకు జవాబు మూడు తరాలుగా మారలేదు. రెండోదానికి మాత్రం మారుతూ వస్తోంది. ఒకప్పుడు చాలామంది పోర్ట్‌బ్లెయిర్ ఒడ్డునున్న జంగ్లీఘాట్ పేట పేరు చెప్పేవారు. ఇప్పుడు డెయిరీ ఫామ్, గరాచర్మ, ప్రొత్రాపూర్, హార్బరు అవతల బాంబూఫ్లాట్, ఇలా రకరకాలుగా చెబుతున్నారు.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఈ రెండో ప్రశ్న గురించి. మన పిల్లల నోట తెలుగు నిలుస్తుందా లేదా అన్నది తాతలు ఏ ఊరి నుంచి ఓడెక్కారన్న దాని కన్నా, మనం ఇక్కడ ఏ సందులో కాపురం ఉంటున్నామన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. విశాఖ నుంచి పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చినా చెక్కుచెదరని భాష, ఊళ్లోనే నాలుగు మైళ్ల అవతలికి ఇల్లు మారితే పలచబడుతోంది. ఎందుకిలా జరుగుతోందో చూద్దాం.

ముందు పాత సంగతి చెప్పాలి. 1858 మార్చిలో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ ఖైదీల వలస మొదలుపెట్టారు. మద్రాసు రాజధాని నుంచి వచ్చిన ఖైదీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. మన్యంలో ఫితూరీలు లేచినప్పుడు పట్టుబడ్డ కొందరికి ద్వీపాంతరం శిక్ష పడింది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అలా అండమాన్ శిక్ష అనుభవించినవారే. ఆయన తిరిగి వెళ్లి, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తిరిగి వెళ్లినవాళ్ల తెలుగు వాళ్లతోనే వెళ్లిపోయింది. మరి ఉండిపోయినవాళ్ల తెలుగు ఏమైంది?

మంచి నడవడి ఉన్న ఖైదీకి కొన్నేళ్ల తర్వాత 'సెల్ఫ్ సపోర్టర్' అనే హోదా ఇచ్చేవారు. భూమి ఇచ్చి సాగు చేసుకోనిచ్చేవారు, పెళ్లి చేసుకోనిచ్చేవారు. ఆడ ఖైదీలు కొద్దిమందే ఉండేవారు కనుక ప్రాంతమూ కులమూ చూసే అవకాశం తక్కువ. మొగుడిది గోదావరి తీరమైతే పెళ్లాం అవధ్ నుంచి వచ్చి ఉండవచ్చు, పంజాబు నుంచి వచ్చి ఉండవచ్చు. బారకాసులో జమాదారు పిలుపు హిందుస్తానీ. పొలం గట్టు మీద పక్కవాడి పలకరింపు హిందుస్తానీ. ఆ ఇంట్లో పుట్టిన బిడ్డకు తండ్రి తెలుగు వినిపించేది ఒక్క తండ్రి నోటి నుంచే. ఒక్క నోరు ఒక భాషను మోయలేదు. ఒక తరం గడిచేసరికి అది పోయింది. ఆ కుటుంబాల వారసులను ఇవాళ మనం 'లోకల్ బార్న్' అంటాం, 'ప్రీ-42' అని కూడా అంటాం. వాళ్ల మాతృభాష హిందుస్తానీ. అబెర్డీన్ బజార్లో మనతో హిందీలో బేరమాడే మనిషి ముత్తాత తెలుగువాడై ఉండవచ్చు. ఆ మనిషికీ తెలియదు, మనకూ తెలియదు.

ఇక రెండో రాక. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, 1950ల నుంచి, చేపల వేట తెలిసిన కుటుంబాలను మెయిన్‌ల్యాండ్ నుంచి ప్రభుత్వం పిలిచింది. శ్రీకాకుళం, విశాఖ, తూర్పుగోదావరి తీరాల నుంచి మనవాళ్లు బయలుదేరారు. కొందరు ప్రభుత్వ పథకంలో వచ్చారు, కొందరు వాళ్ల వెనకే చుట్టరికం పట్టుకుని వచ్చారు. బావ వస్తే బావమరిది వచ్చాడు, అన్న కుదురుకుంటే తమ్ముడికి కబురు వెళ్లింది. ఖైదీలు ఒంటరిగా వచ్చారు. వీళ్లు మాత్రం ఊరికి ఊరే వచ్చినట్టు వచ్చారు. వచ్చి ఒకచోట దిగారు. పడవ కట్టుకోవాలి, వల ఆరేసుకోవాలి, చేపలు ఎండబెట్టుకోవాలి కాబట్టి ఒడ్డునే ఉండాలి. అందుకే జంగ్లీఘాట్ అంత తెలుగు పేట అయింది.

ఆ పేటలో బిడ్డకు భాష ఎలా వచ్చేదో కొంచెం నిదానంగా చెప్పుకుందాం, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది. తెల్లవారకముందే పడవలు ఒడ్డుకొస్తాయి, వేలం పాట మొదలవుతుంది. గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు బయలుదేరతారు. మిగిలిన ముసలివాళ్లు అరుగుల మీద చిరిగిన వలలు అల్లుతూ కూర్చుంటారు. బడికి ఎగ్గొట్టి తిరిగే పిల్లవాణ్ణి ఎదురింటావిడ పట్టుకుని, "ఏటి గుంటడా, ఇస్కూలుకెళ్లలేదేటి?" అని గదమాయిస్తుంది. ఆవిడకు ఆ పిల్లవాడు ఏమీ కాడు, కానీ గదమాయించే హక్కు ఉంది. అప్పు రాసుకునే కొట్టు తెలుగు, తగువు తెలుగు, మొక్కులు మొక్కే గంగమ్మ పాట తెలుగు. రెండు కుటుంబాలు నీళ్ల కుళాయి దగ్గర తిట్టుకుంటే పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు. అలా వినడం వల్లే వాళ్ల నోట భాష నిండుగా కుదిరింది. తల్లిదండ్రులు కూర్చోబెట్టి నేర్పింది చాలా తక్కువ. నేర్పింది పేట. అందుకే ఇక్కడే పుట్టిన మూడో తరం కూడా ఉత్తరాంధ్ర యాసలో తడుముకోకుండా మాట్లాడుతుంది.

ఖైదీల తెలుగు ఒక తరంలో పోయింది, జాలరుల తెలుగు మూడు తరాలు నిలిచింది. దాటిన సముద్రం ఒకటే. దిగిన తీరూ ఒకటే. ఇరుగుపొరుగే వేరు.

ఇదే మాట మనకన్నా ఎక్కువగా తూర్పు బెంగాలు కాందిశీకుల విషయంలో కనిపిస్తుంది. 1949 నుంచి వాళ్లను ఇక్కడికి తెచ్చి ఊళ్లుగా దించారు. హేవలాక్, నీల్, డిగ్లీపూర్ పల్లెల్లో ఇంటికి ఇల్లు ఆనుకుని బెంగాలీ వినిపిస్తుంది. దీవుల్లో ఎక్కువ మంది చెప్పే మాతృభాష బెంగాలీ కావడానికి జనం సంఖ్య ఒక కారణమైతే, కలిసి ఉండటం రెండోది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. జంగ్లీఘాట్ కొండకూ నీళ్లకూ మధ్య ఇరుకైన చోటు. తాతకు ఒక గది సరిపోయింది. ముగ్గురు కొడుకులకు పెళ్లయ్యాక ఆ ఇల్లు సరిపోదు, పెంచుకుందామంటే జాగా లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు దక్షిణ అండమాన్‌లో నేలే దాదాపు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు మళ్లీ వెనక్కి పోలేదు. ఒడ్డున బతకడమంటే భయం పట్టుకున్న ఇళ్లు కొన్ని ఎత్తు ప్రదేశాలకు జరిగాయి. ఇంకోపక్క చదువుకున్న పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి. ఉద్యోగంతో పాటు క్వార్టరు వస్తుంది. క్వార్టరు ఇచ్చేది జీతం స్థాయిని బట్టి, వంతును బట్టి. పక్కింట్లో ఎవరున్నారో చూసి ఇవ్వరు, ఇవ్వాలనీ కాదు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తాత వేటకు వెళ్లి జంగ్లీఘాట్‌లో బతికాడు. కొడుకు ప్రభుత్వ ఉద్యోగి, క్వార్టర్స్‌లో ఉంటున్నాడు. కోడలు నర్సు. మనవరాలికి ఆరేళ్లు. ఎదురిల్లు బెంగాలీ, పై అంతస్తు మలయాళీ, పక్క బ్లాకులో తమిళులు, రాంచీ వాళ్లు. అందరూ మంచివాళ్లే, జ్వరం వస్తే మొదట తలుపు తట్టేది వాళ్లే. వాళ్లందరినీ కలిపేది హిందీ. ఈ దీవుల్లో ఇన్ని భాషలవాళ్లం కొట్లాడుకోకుండా కలిసి బతుకుతున్నామంటే అందులో ఆ హిందీ చేసిన మేలు ఎంతో ఉంది. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఆ మనవరాలితో రోజు మొత్తంలో తెలుగులో మాట్లాడేది ఎవరు? అమ్మ, నాన్న. ఇద్దరూ ఉద్యోగాలకు పోయి సాయంత్రం అలసిపోయి వస్తారు. తినమని, పడుకోమని, హోంవర్కు చెయ్యమని చెప్పే నాలుగు ముక్కలు తెలుగులో నడుస్తాయి. పిల్ల హిందీలో బదులిస్తుంది. మొదట్లో తల్లి సరిదిద్దుతుంది. తర్వాత సరిదిద్దడం మానేస్తుంది. ఇంకొన్నాళ్లకు తనూ హిందీలోనే అడుగుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. పేటలో ముప్ఫై నోళ్లు చేసిన పనిని రెండు నోళ్లకు అప్పగించాం.

భాషలు తరం నుంచి తరానికి ఎలా అందుతాయో జీవితమంతా పరిశీలించిన అమెరికా పండితుడు జాషువా ఫిష్‌మన్ 1991లో ఒక మాట తేల్చి చెప్పారు. బడులు, పత్రికలు, ప్రసారాలు ఎంత ఉన్నా, ఇల్లూ ఇరుగుపొరుగూ కలిసి ఒక భాషలో బతకకపోతే ఆ భాష బిడ్డకు అందదన్నది ఆ మాట సారం. ఆయన ఇంటితో పాటు ఇరుగుపొరుగును కూడా పట్టుకోవడం నాకు బాగా నచ్చింది. మన దగ్గర అమ్మనొక్కదాన్నే పట్టుకుని, ఆమె మీద భారమంతా పెట్టి, భాష పోతే ఆమెనే తప్పుపడతారు.

'తెలుగువాళ్ల సంఖ్య పెరుగుతోంది కదా, నీకెందుకు బెంగ' అని అడిగేవాళ్లున్నారు. సంఖ్య పెరిగిన మాట నిజమే. 2001 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు దాదాపు 45 వేలు. 2011లో దాదాపు 50 వేలు. మొత్తం 3 లక్షల 80 వేల జనాభాలో నూటికి 13 మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనది. అయితే ఆ లెక్క ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది తెలుసుకోవాలి. జనాభా లెక్కల్లో మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. నేను ఇందాక చెప్పిన ఆరేళ్ల పిల్లను తండ్రి తెలుగు అనే రాయిస్తాడు, అది నియమం ప్రకారం సరైనదే. ఆ పిల్ల తెలుగులో జవాబు చెబుతుందా అని మాత్రం ఎవరూ అడగరు. అదీగాక మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తగా వచ్చేవాళ్లు లెక్కను నింపుతూ ఉంటారు. కాబట్టి అంకె పెరుగుతూ ఉండగానే లోపల భాష తగ్గిపోవచ్చు.

ఇళ్లు మారడం సంగతి ఇంకా చిత్రం. మీరు ఎక్కడ పుట్టారు, ఇంతకుముందు ఎక్కడ ఉన్నారు, ఎందుకు వచ్చారు, ఎన్నేళ్లయింది అని లెక్కలవాళ్లు అడుగుతారు. కానీ వాళ్లు చూసేది ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారడం. జంగ్లీఘాట్ నుంచి డెయిరీ ఫామ్‌కు సామాను లారీకెత్తితే అది వలస కిందికి రాదు, రెండూ ఒకే పట్టణంలోవి. 2011లో గరాచర్మ, ప్రొత్రాపూర్, బాంబూఫ్లాట్ విడి పట్టణాలుగా లెక్కకెక్కాయి కాబట్టి అక్కడికి మారితే అప్పుడు రాసుకున్నారు. ఒక కుటుంబం భాషను బతికించేదో చంపేదో అయిన ఈ చిన్న ప్రయాణాలు చాలామటుకు ఏ పట్టికలోనూ కనబడవు. మన పట్టణం పెద్దదవుతోంది. 2024 సెప్టెంబరులో ఊరి పేరు కూడా పోర్ట్‌బ్లెయిర్ నుంచి శ్రీవిజయపురంగా మారింది. ఈ పెరుగుదల లోపల ఎవరి వాడ ఎటు చెదిరిందో రాసిపెట్టుకోవలసింది మనమే.

మనుషుల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారిస్తే భాషకు ఏమవుతుందో ఈ నేల మీదే ఘోరంగా రుజువైంది. దాన్ని దాటేసి మన తెలుగు గురించి మాత్రమే మాట్లాడటం నాకు ధర్మంగా తోచదు. ఈ దీవుల అసలు మనుషుల్లో గ్రేట్ అండమానీలు ఒకరు. పది తెగలుగా, పది భాషలుగా తమ తమ అడవుల్లో, తమ తమ తీరాల్లో బతికారు. ఖైదీల వలస వచ్చాక రోగాలొచ్చాయి, ప్రభుత్వం పెట్టిన 'హోము'ల్లోకి తరలింపులొచ్చాయి. 1961 నాటికి పంతొమ్మిది మంది మిగిలారు. తర్వాత వాళ్లను స్ట్రెయిట్ ఐలండ్‌కు చేర్చారు. వేర్వేరు తెగలవాళ్లు ఒకచోట చేరారు, ఒకరి భాష ఒకరికి పూర్తిగా రాదు, చుట్టూ ఉన్న సిబ్బందిది హిందీ. పిల్లలు హిందీలోకి వెళ్లారు. బో భాష మాట్లాడిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరి 26న కన్నుమూసింది. ఆ భాషల్ని ఏళ్ల తరబడి నమోదు చేసిన అన్వితా అబ్బి ఒక సంగతి చెప్పారు. తన భాషలో మాట్లాడటానికి మనిషి లేక బోవా పక్షులతో మాట్లాడేదట. మన తెలుగు కోట్లమంది నోట ఉంది, దానికి ఆ గతి పట్టదు. కానీ ఒక ఇంటికి, ఒక పిల్లకు పట్టవచ్చు. జంగ్లీఘాట్ వదలలేని నాయనమ్మ ఇంటికి మనవలు వచ్చి ఆమె మాట అర్థంకాక ఫోను చూసుకుంటూ కూర్చుంటే, ఆమె ఆ పూట ఎంత ఒంటరిదో ఆలోచించండి.

ఇరుగుపొరుగు చెదిరిపోయిన చోట్ల వేరే తెలుగువాళ్లు ఏం చేస్తున్నారు? మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. పండుగ నిలిచింది, పేర్లు నిలిచాయి, ఇంట్లో మాట మాత్రం చాలావరకు క్రియోల్ అయింది. సింగపూర్‌లో నూటికి ఎనభై మంది దాకా ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో ఉంటారు. 1989 నుంచి ఒక్కో బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంతమంది ఉండాలో హద్దు పెట్టారు. జాతుల మధ్య గోడలు లేవకూడదన్నది ఉద్దేశం, మంచి ఉద్దేశమే. అయితే ఏ భాషకూ సొంత పేట లేకుండా పోయింది. బడిలో మాతృభాష మాత్రం అంతకుముందు నుంచే తప్పనిసరి. భారతీయ భాషల్లో తమిళం, హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. తెలుగు పిల్లలు వాటిల్లో ఏదో ఒకటి చదువుకుంటారు. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం లాంటి చోట్ల కలుసుకోవడమే వాళ్లకు పేట.

మనకు అంత లోటు లేదు. ఈ దీవుల్లో ప్రభుత్వ బడుల్లో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. తెలుగు రాష్ట్రాల బయట ఈ వసతి అన్నిచోట్లా దొరకదు. మన బడులు నడిచేది సీబీఎస్ఈ కింద, అందులో పదో తరగతికి తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంది. 1963 నుంచి ఆకాశవాణి ఇక్కడ మోగుతోంది. అయినా పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేయాలనుకునే తల్లిదండ్రులను నేను నిందించను. వాళ్లను నేను అడిగేది ఒక్కటే: మీడియం ఏదైనా, తెలుగు ఒక సబ్జెక్టుగా ఉండేలా పట్టుపట్టండి. ఒక్కరు అడిగితే హెడ్మాస్టరు గారు చూద్దామంటారు, ఇరవై మంది సంతకాలు పెట్టి అడిగితే టీచరు పోస్టు కోసం పైకి రాస్తారు.

బడి అక్షరం ఇస్తుంది. గదమాయింపు, గారాబం, వెటకారం, ఓదార్పు, ఇవి బడి ఇవ్వలేదు. వాటికి మనుషులు కావాలి, చెదిరిన పేటను వారంలో కొన్ని గంటలైనా మళ్లీ కూడగట్టాలి. బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీ ఉంది, గరాచర్మ నుంచి బస్సుంది. సెలవుల్లో పిల్లల్ని నాయనమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర వదలండి, మీరు పక్కన ఉండకండి. మీరుంటే పిల్లలు మీ వైపు తిరిగి హిందీలో అడుగుతారు, మీరు మధ్యలో దుబాసీ పని చేస్తారు. కొత్త ఇల్లు వెతికేటప్పుడు నీళ్లొస్తాయా, బడి దగ్గరా అని అడిగినట్టే, ఆ లైనులో ఇంకో తెలుగు ఇల్లు ఉందా అనీ అడగండి. రెండిళ్లు చాలు, సాయంత్రం పిల్లలు ఆడుకుంటే ఆ ఆట తెలుగులో నడుస్తుంది. అన్ని పండుగలకూ కలుస్తున్నాం, మంచిదే. స్టేజి మీద పిల్లల చేత పాట పాడించి చప్పట్లు కొడుతున్నాం. స్టేజి కింద వాళ్లు ఒకళ్లతో ఒకళ్లు ఏ భాషలో మాట్లాడుకుంటున్నారో చూడండి. పెద్దవాళ్లం కూడా అక్కడ ఒకరితో ఒకరం హిందీలోకి జారిపోతున్నాం.

పిల్ల తప్పు మాట్లాడితే నవ్వకండి. ఇక్కడి పిల్లలు చాలామంది తెలుగు మానేసేది రాక కాదు, సిగ్గుపడి. విజయవాడ నుంచి వచ్చిన చుట్టం, "ఇదేం తెలుగు?" అన్న ఒక్క మాటతో ఏడాది పాటు నోరు విప్పని పిల్లలుంటారు. శ్రీకాకుళం యాసలో నాలుగు హిందీ మాటలు కలిసిన తెలుగు మన దీవుల తెలుగు. దానికి ఏ లోటూ లేదు.

జనాభా లెక్కలు మళ్లీ వస్తున్నాయి. మనుషుల్ని లెక్కించే విడత 2027 ఫిబ్రవరిలో. 2011 ఫారంలో మాతృభాషతో పాటు వచ్చిన ఇతర భాషలు రెండు రాసుకున్నారు. ఈసారి కూడా ఇంటి పెద్ద ఒక్కరే అందరి తరఫునా గబగబా చెప్పేయకుండా, ఇంట్లో ప్రతి ఒక్కరి మాతృభాషా విడివిడిగా సరిగ్గా రాయించండి. బడికీ టీచరుకీ మనం అర్జీ పెట్టుకున్నప్పుడు అధికారులు తెరిచి చూసేది ఆ లెక్కలనే.

ఈలోగా మీ ఇంట్లో మీరే ఒక లెక్క వేసుకోండి. ఒక రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా మీ పిల్లతో తెలుగులో మాట్లాడినవాళ్లు ఎందరో చూడండి. ముగ్గురి కన్నా తక్కువైతే, వచ్చే ఆదివారం పిల్లను తీసుకుని జంగ్లీఘాట్ వెళ్లండి.